సున్నా పాయింట్ ఎనభై అయిదు

"బట్టలు మెషినే ఉతుకుతుంది, లెక్కలు కంప్యూటరే చేస్తుంది. మరి నువ్వు చేసేదేంటి అసలు?" అన్నాడు మా ఆయన.

గొడవ పడుతూ అన్న మాట కాదు. గొడవలో అని ఉంటే నేనూ నాలుగు అంటించేదాన్ని, అక్కడితో సరిపోయేది. నవ్వుతూ, షూ లేసు కట్టుకుంటూ, మంచి జోకు వేశానన్న సంతోషంతో అన్నాడు. వాళ్ళమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, ఆయనకేమో మీటింగులున్నాయి, నేనైతే ఇంట్లోనే ఉంటాను, అదీ సందర్భం. అప్పుడు నేను వాషింగ్ మెషిన్‌లోంచి తడి బట్టలు తీస్తున్నాను. దుప్పటి తాడులా మెలిపడి ఆయన చొక్కాల చేతులన్నిటినీ తనలోకి లాగేసుకుంది. దాన్ని విడదీయాలి, దులపాలి, ఆరేయాలి, ఆరాక తీయాలి, మడత పెట్టాలి, ఎవరి అల్మారాలోవి వాళ్ళకు సర్దాలి. ఇందులో ఒక్కటీ మెషిన్ చేయదు. ఎవరో జేబులో కాగితం రుమాలు మర్చిపోతే అది ముక్కముక్కలై ఇంటిల్లిపాది బట్టలకూ అంటుకుంటే, ఒక్కో ముక్కా గిల్లి తీసేది కూడా మెషిన్ కాదు. అయినా ఉతికేది మెషినే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

నా టేబుల్ ఆ మెషిన్ పక్కనే ఉంటుంది. ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు వెనక గది చూపించి "ప్రస్తుతానికి ఇక్కడ సర్దుకో" అన్నాడు మా ఆయన. తర్వాత మెషినుకు కావలసిన నీళ్ళ పైపు కూడా ఆ గదికే వస్తుందని తేలింది. తలుపూ కిటికీ ఉన్న ముందు గది ఆయనది. "నాకు కాల్స్ ఉంటాయి కదా." నాకూ ఉంటాయి. కాకపోతే నా కాల్స్‌లో మాట్లాడేది ఎప్పుడూ వేరేవాళ్ళేనట, అందుకని వెనకాల చప్పుడున్నా ఫరవాలేదట. మెషిన్ బట్టలు పిండడం మొదలుపెడితే నా టేబుల్ వణుకుతుంది, కప్పులో టీ వణుకుతుంది, తెర మీద గుండె వణుకుతుంది.

తెర మీద గుండె అన్నాను కదా, అదే నా పని. నేను కంప్యూటర్లో గుండె కడతాను. బొమ్మ గీయడం కాదు, కట్టడమే. గుండెలో ఉన్న ప్రతి కణం గోడకూ బుల్లి బుల్లి తలుపులుంటాయి. ఒక దాంట్లోంచి సోడియం లోపలికి వస్తుంది, ఒక దాంట్లోంచి కాల్షియం వస్తుంది, ఇంకో దాంట్లోంచి పొటాషియం బయటికి పోతుంది. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి, పక్క తలుపు తెరిస్తే ఇదేం చేయాలి, అన్నిటికీ సమీకరణాలు. ఒక్క కణానికే పేజీలకు పేజీలు. అలాంటి కణాల్ని పక్కపక్కన పేర్చి, ఒకదానికి కదలిక పుడితే పక్కదానికి అందేలా కలుపుకుంటూ పోతే, ఎన్నెన్నో తప్పుల తర్వాత, ఒక మధ్యాహ్నం అది తెర మీద కొట్టుకుంటుంది. మొదటిసారి అది కొట్టుకున్నప్పుడు నేను ఏడ్చాను. పక్కన మెషిన్ తిరుగుతోంది కాబట్టి ఎవరికీ వినపడలేదు.

ఈ గుండె దేనికంటే, కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు దీనికి ఇచ్చి చూస్తారు. మందు ఏ తలుపును ఎంత మూస్తుందో చెబితే, అప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో ఇది గీతలు గీసి చూపిస్తుంది. లయ తప్పిందంటే ఆ మందుతో జాగ్రత్త. తప్పలేదంటే పై మెట్టుకు పోవచ్చు. ఇప్పుడు మా దగ్గరికి వచ్చింది మైగ్రేన్ బిళ్ళ. ఒక మందుల కంపెనీ వాళ్ళు తయారుచేశారు. మా గుండె బాగానే ఉందని చెబితే వాళ్ళు దాన్ని మనుషుల మీద పరీక్షకు తీసుకెళతారు, ఎలాగూ కంప్యూటర్లో చూశారు కాబట్టి అక్కడ గుండె పరీక్షలు పైపైన కానిస్తారు. మైగ్రేన్ ఎక్కువగా ఎవరికి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చీకటి గదిలో తలకు గుడ్డ కట్టుకుని పడుకున్న మనిషిని తలుచుకోండి. మీకు కనిపించింది మగవాడా?

మా టీముకు ఒక పెద్దాయన ఉన్నాడు. ఎదురుగా ఉంటే ఆయన్ని "సార్, అండీ" అంటాను, నా మనసులో ఏమంటానో అది నా ఇష్టం. ఆయన తర్వాత ఒక కుర్రాడు. వాడికి నేను పెట్టిన పేరు స్లైడ్ల బాబు. గుండెలో ఎన్ని గదులుంటాయో రెండుసార్లు ఆలోచించుకుని గాని చెప్పలేడు కానీ, రంగు రంగుల స్లైడ్లు పెట్టి గంటసేపు గలగలా మాట్లాడగలడు. "అక్కా, ఆ గీతలు పంపించవా?" అంటాడు. పంపిస్తాను. మర్నాడు ఆ గీతలు వాడి పేరు కింద తెర మీద మెరుస్తుంటాయి. అక్కా అని పిలిచినవాడిని ఏమంటాం? ఆ పిలుపు అందుకే.

పోయిన నెలలో నాకొక అనుమానం వచ్చింది. ఆ మైగ్రేన్ బిళ్ళను కంప్యూటర్లో వెయ్యి మంది మగవాళ్ళకూ వెయ్యి మంది ఆడవాళ్ళకూ ఇచ్చి, వచ్చిన గీతల్ని పక్కపక్కన పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టు ఒకటే. అదే వంపు, అదే దిగుడు, ఆడవాళ్ళవి కాస్త పొట్టిగా ఉన్నాయి, అంతే. నిజం మనుషులు అంత బుద్ధిగా ఉండరు. నేను కట్టిన భాగమంతా గాలించాను, తప్పు లేదు. అప్పుడు నా కంటే ముందు రాసిన పాత ఫైలు తెరిచాను. పెద్దాయన స్వహస్తాలతో రాసింది. దాంట్లో ఒక్క వరుస ఉంది. మనిషి ఆడదైతే, అంకెలన్నిటినీ సున్నా పాయింట్ ఎనభై అయిదుతో గుణించు. పక్కన ఒక మాట కూడా రాసుకున్నాడు: ప్రస్తుతానికి.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఈ ప్రాజెక్టులో ఇన్నేళ్ళుగా, ఇన్ని మందులు, ఇన్ని రిపోర్టులు, "మనిషి గుండె, పూర్తి నమూనా" అని ఇంతేసి అక్షరాలు, తీరా చూస్తే లోపల ఉన్నది ఒక మగవాడు. ఆడది కావాలంటే ఆ మగవాడినే కాస్త కుదించడం. కుట్టుపని వచ్చినవాళ్ళెవరూ అలా చేయరు. మగవాడి చొక్కాను నాలుగు వేళ్ళు తగ్గించి ఇదిగోనమ్మా నీ జాకెట్టు అంటే మనం ఊరుకుంటామా? మొహాన కొట్టి వస్తాం. గుండె విషయంలో మాత్రం ఊరుకున్నాం, ఎందుకంటే లోపల ఏముందో ఎవరికీ కనపడదు.

ఆడవాళ్ళ గుండె చిన్న మగ గుండె కాదు. ఆడవాళ్ళ గుండె కణాల్లో పొటాషియం బయటికి పోయే తలుపులు తక్కువ. అందుకని కొట్టుకున్న ప్రతిసారీ మళ్ళీ మామూలుకు రావడానికి దానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. ఆ సర్దుకునే వ్యవధిలో ఏదైనా మందు వచ్చి ఉన్న ఆ కాసిని తలుపుల్నీ మూసేస్తే, గుండె సర్దుకోకముందే మళ్ళీ ఉలిక్కిపడుతుంది. అక్కడే మనిషి కళ్ళు తిరిగి పడిపోతుంది. ఒక్కోసారి మళ్ళీ లేవదు. ఇది నేను కనిపెట్టిందేం కాదు, ఆడవాళ్ళ గుండె కణాల్ని నిజంగా కొలిచినవాళ్ళు లోకంలో ఉన్నారు. ఆ కొలతలన్నీ ఏరుకొచ్చాను. ఆ వరుసను పక్కన పెట్టి ఆడ గుండెను మొదటినుంచి కట్టడం మొదలుపెట్టాను. ఆ పని నాకెవరూ చెప్పలేదు, అందుకని దానికి ఎవరూ టైమూ ఇవ్వలేదు. స్టవ్ మీద ఏదో ఉడుకుతుండగా, మెషిన్ తిరుగుతుండగా, పాప హోంవర్కులో ఏదో అడుగుతుండగా కట్టాను. కట్టాక బిళ్ళ ఇచ్చి చూశాను. చాలామందికి ఏమీ కాలేదు. కానీ వాంతులై ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్ళకు, అంటే మైగ్రేన్ ముదిరినప్పుడు ఎలా ఉంటారో అలా ఉన్నవాళ్ళకు, గీత వణికింది. కొట్టుకుని దిగాల్సిన చోట మళ్ళీ పైకి ఎగిరింది. ఆ రోజు మెషిన్ ఆపేసి ఉంది, కాబట్టి వణుకు టేబుల్‌ది కాదు.

మీటింగులో చెప్పాను. చాలా మర్యాదగా, అందరికీ అర్థమయ్యేలా, ఆడవాళ్ళ గుండెకు ప్రతి దెబ్బ తర్వాత సర్దుకోవడానికి ఎక్కువ టైము పడుతుందండీ అన్నాను. "మా ఇంట్లోనూ అంతే అక్కా, బయటికి వెళ్ళాలంటే రెడీ అవడానికే గంట," అన్నాడు స్లైడ్ల బాబు. గదంతా నవ్వింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి మరీ తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక, "మంచి పాయింటేనమ్మా. కానీ ఆడవాళ్ళ డేటాలో గందరగోళం ఎక్కువ. హార్మోన్లు, నెలసరి, ఇవన్నీ పెడితే గీతలు శుభ్రంగా రావు. తర్వాతి వెర్షన్‌లో చూద్దాం," అన్నాడు. ఆ వరుస రాసింది తనే అన్న ఊసే లేదు. "అన్నట్టు కంపెనీ ఆయన వచ్చే రోజు టీ, బిస్కెట్లు నువ్వే కాస్త చూసుకో. నువ్వు చూస్తే ఏదీ మర్చిపోవు," అన్నాడు. మెయిల్ పెట్టాను. జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. "గమనించాం" అని వచ్చింది.

ఇంట్లో చెబితే మా ఆయన, "వాళ్ళన్న దాంట్లో తప్పేముంది? అన్నీ ఒకేసారి ఎలా అవుతాయి? నీ కాంట్రాక్టు రెన్యూవల్ కూడా ఇప్పుడే కదా, సంతకం పెట్టాల్సింది మీ పెద్దాయనే కదా. అనవసరంగా నోరు పారేసుకోకు," అన్నాడు. నేను పళ్ళు నూరుకుంటూ అంట్లు తోమాను. ఆ కోపంలో ఒక గ్లాసు పగిలింది కూడా. "మెల్లగా," అన్నాడు టీవీ చూస్తూ.

సరే, డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజుకు వస్తాను. ఆ రోజు పొద్దున మా అత్తయ్య కళ్ళు తిరిగి పడిపోయింది, అలా పడిపోవడం అదే మొదలు కాదు. దగ్గు పట్టుకున్నప్పుడల్లా ఆవిడకు ఇది మామూలు. రెండు మూడు రోజులు దగ్గుతుంది, డాక్టరు మందులిస్తాడు, దగ్గు తగ్గే లోపు ఎక్కడో అక్కడ కళ్ళు తిరిగి పడిపోతుంది. మామయ్య రిటైరైన ఇంజినీరు. ప్రతిదానికీ ఆయన దగ్గర కారణం ఉంటుంది. "మొదలెట్టింది నాటకం. నా స్నేహితులు భోజనానికి వస్తున్నారంటే చాలు," అంటారు. మా ఆయన కాస్త మెత్తగా చెబుతాడు. "అమ్మకు మనం పట్టించుకోవాలని ఉంటుంది, అంతే." నాకూ అత్తయ్యకూ మధ్య ప్రేమ పొంగిపొర్లిపోతోందని నేను చెప్పను. నేను మడత పెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ తన పద్ధతిలో మడత పెట్టే మనిషి ఆవిడ. కానీ ఆ ఉదయం ఆవిడ పడిపోతుంటే నేను ఎదురుగా ఉన్నాను. నాటకమాడే మనిషి మండుతున్న స్టవ్ వైపు పడదు. నేను రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను, ఇద్దరం కలిసి నేల మీద కూలబడ్డాం. చప్పుడుకు మా ఆయన తొంగి చూసి, డాక్టరుకు చూపించమన్నాడు. కాసేపటికి నేను మెషిన్‌లోంచి బట్టలు తీస్తుంటే, షూ వేసుకుంటూ ఆ మాట అన్నాడు.

కారు నేను నడిపాను. మామయ్య కూడా వచ్చారు, ముందు సీట్లో కూర్చుని ఎటు తిప్పాలో చెప్పడానికి. ఆసుపత్రిలో డాక్టరు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అత్తయ్యతోనూ మాట్లాడలేదు. ఆవిడకు ఎప్పటినుంచి కళ్ళు తిరుగుతున్నాయో మామయ్యను అడిగాడు. మామయ్య చెప్పారు. ఈసీజీ తీశారు. కాగితం బయటికి వచ్చింది, పైన మెషినే "నార్మల్" అని అచ్చు వేసింది. డాక్టరు ఆ మాట చదివి, "ఏం లేదండీ. వయసు, టెన్షన్," అన్నాడు. "నే చెప్పలా?" అని మామయ్య టీ తాగడానికి వెళ్ళిపోయారు.

అత్తయ్య పక్కకు తిరిగి పడుకుంది. ఏడవడం లేదు. ముఖం గోడ వైపు పెట్టుకుంది, అంతే. నేను ఆ ఈసీజీ కాగితం అందుకున్నాను. పగలంతా అలాంటి గీతల్లోనే బతికే మనిషిని, చూడకుండా ఎలా ఉంటాను? దెబ్బ మొదలైన చోటు నుంచి మళ్ళీ సర్దుకున్న చోటు దాకా గోటితో కొలిచాను. మళ్ళీ కొలిచాను. ఈ గీత నాకు తెలుసు. నా తెర మీద చూశాను.

"అత్తయ్యా, మీరు రోజూ వేసుకునే బిళ్ళ ఏంటి?"

"కడుపులో తిప్పుతుందని ఎప్పటినుంచో వేసుకుంటున్నాగా, తెల్లది," అంది గోడ వైపు నుంచే.

"దగ్గొచ్చినప్పుడు ఇచ్చేది?"

"అదేదో క్యాప్సూల్. ప్రతిసారీ అదే."

సంచీలోంచి రెండు అట్టలూ తీశాను. వాటి మీద ఉన్న మందుల పేర్లు రెండూ నాకు తెలిసినవే. పొటాషియం తలుపును మూసేవాటిలో ఇదొకటి, అదొకటి. విడివిడిగా వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. రెండూ కలిసి, పైగా తలుపులు తక్కువున్న ఆడమనిషి ఒంట్లో, పైగా రెండు రోజులుగా దగ్గుతో తిండి సయించని మనిషి ఒంట్లో. దగ్గొచ్చినప్పుడల్లా పడిపోతోందంటే మరి పడిపోదా? నేను డాక్టరు వెనకాల పడ్డాను.

"మెషినే నార్మల్ అని రాసింది కదమ్మా," అన్నాడు.

మెషినే! ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మెషిన్ ఎవరిని కొలతగా పెట్టుకుని రాసిందో నాకు తెలీదండీ. మీరు కొలవండి. ఇక్కడినుంచి ఇక్కడికి," అన్నాను.

"మీరు డాక్టరా?"

"కాదు. నేను గుండెలు కడతాను."

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానీ నేను అడ్డంగా నిలబడ్డాను, కాగితం చేతిలో పెట్టాను, రెండు అట్టలూ కాగితం మీద పెట్టాను. కొలిస్తే పోయేదేముంది, ఈవిడ వదిలేలా లేదు అనుకున్నాడేమో, స్కేలు తీసి కొలిచాడు. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ కొలిచాడు. నర్సును పిలిచి అత్తయ్యను పైన గుండె వార్డులో చేర్చమన్నాడు, రెండు మందులూ ఆపమన్నాడు, పొటాషియం చూడమన్నాడు. ఇంత జరిగాక, అప్పుడే టీ తాగి వస్తున్న మామయ్యకు ఎదురెళ్ళి, "మంచి టైముకు తీసుకొచ్చారండీ," అని భుజం తట్టాడు. నిజంగా తట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

సాయంత్రం వార్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు అత్తయ్యకు అంతా చెప్పాను. తలుపులు, పొటాషియం, రెండు మందులూ ఒకే తలుపు మీద పడటం, అన్నీ. నేను ఏం పని చేస్తానో ఆ ఇంట్లో ఒక మనిషి పూర్తిగా వినడం అదే మొదలు. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు.

"అయితే నేను నాటకాలాడటం లేదన్నమాట," అంది చివరికి.

"లేదత్తయ్యా."

"మీ మామయ్యతో చెప్పు."

"చెప్తాను."

"అలా చెవిలో ఊదినట్టు కాదు అమ్మాయ్. నేను అక్కడ కూర్చుని ఉండగా, అందరూ వింటుండగా చెప్పు." ఆవిడ లేచి కూర్చుంది. "ఇన్నేళ్ళు అందరి ముందే అన్నారు కదా."

ఇంటికి తీసుకొచ్చిన రోజు, భోజనాల బల్ల దగ్గర చెప్పాను. మామయ్య, మా ఆయన, పాప, అందరూ ఉన్నారు. అత్తయ్య ఎప్పుడూ అందరికీ వడ్డించాక తినే మనిషి, ఆ రోజు ముందే కూర్చుంది. నేను మందుల సంగతి చెప్పి, "కాబట్టి అత్తయ్య ఎప్పుడూ నాటకం ఆడలేదు మామయ్యా. ప్రతిసారీ చావు దాకా వెళ్ళి వచ్చారు," అన్నాను. మామయ్య కంచంలోంచి తలెత్తలేదు. "సరే సరే. ఇప్పుడు బాగానే ఉందిగా," అన్నారు.

"అది కాదండీ," అంది అత్తయ్య. ఆవిడ ఆయనతో అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. "నాటకం అన్నారుగా. ఆ మాట వెనక్కి తీసుకోండి."

ఆయన సగం తిని లేచిపోయారు. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, మంట పెట్టావు కదే అన్నట్టు. మామయ్య కంచం బల్ల మీదే ఉంది. నేను అలవాటుగా తీయబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ," అంది. అందరి కంచాలూ తీశాం, బల్ల తుడిచాం, ఆ ఒక్క కంచం చుట్టూ తుడిచాం. మర్నాడు పొద్దున లేచి చూస్తే అది కడిగి బోర్లించి ఉంది. నేను కడగలేదు, ఆవిడ కడగలేదు. మా ఆయన సంగతి నాకు తెలుసు, ఆయనకు సబ్బు ఎక్కడుంటుందో తెలీదు.

కంపెనీ ఆయన వచ్చే రోజు ఇంట్లోంచి బయలుదేరుతుంటే మా ఆయన గుమ్మం దాకా వచ్చి, "రెన్యూవల్ గుర్తుందిగా," అన్నాడు. గుర్తుంది. నా జీతం ఈ ఇంటికి ఎంత అవసరమో కూడా గుర్తుంది. అది ఆగిపోతే "నేను ముందే చెప్పాను" అన్న మాట ఎన్నాళ్ళు వినాలో అదీ గుర్తుంది. దారి పొడుగునా అవే నెమరువేసుకున్నాను. మళ్ళీ ఒక మెయిల్ పెడదాం, ఈసారి ఇంకాస్త గట్టిగా రాద్దాం, ఈ రోజు గడిచిపోనిద్దాం అనుకున్నాను. గదిలోకి వెళ్ళేసరికి టీ కప్పులు, బిస్కెట్లు నా కుర్చీ ఎదురుగా పెట్టి ఉన్నాయి, నేను పంచుతానని. నా కుర్చీ మూలన, కీబోర్డు దగ్గర. స్లైడ్ల బాబు మాట్లాడతాడు, వాడు తలాడించినప్పుడు నేను మీట నొక్కాలి. అదీ ఏర్పాటు.

కంపెనీ ఆయన అలిసిపోయిన ముఖంతో పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన కొత్త కోటు వేసుకున్నాడు. స్లైడ్ల బాబు గొంతు సవరించుకున్నాడు. తెర మీద గుండె కొట్టుకుంటోంది, నా గుండె, నేను కట్టింది, దాని పైన పెద్ద అక్షరాలతో "మనిషి గుండె, పూర్తి నమూనా".

"మీరు చూస్తున్నది మనిషి గుండె," అని మొదలుపెట్టాడు వాడు. "పెద్దవాళ్ళు ఎవరికైనా సరే..."

చెవిలో ఊదినట్టు కాదు అమ్మాయ్.

"మగవాళ్ళ గుండె," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. మూల కుర్చీ మాట్లాడినట్టు చూశారు. "ఏంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఇది మగవాళ్ళ గుండెండీ. ఇందులో ఆడవాళ్ళు లేరు."

"అక్క జోకులేస్తుందండీ," అని నవ్వాడు స్లైడ్ల బాబు. ఈసారి వాడితో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే కంపెనీ ఆయన నవ్వలేదు. పెన్ను కింద పెట్టాడు. "మా బిళ్ళ వాడబోయేది ఎక్కువగా ఆడవాళ్ళే కదా," అన్నాడు. ఆడవాళ్ళ మీద జాలితో కాదు. రేపు ఎవరికైనా ఏదైనా అయితే అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో లెక్క వేసుకుంటున్నాడు, ముఖంలో కనపడుతూనే ఉంది. ఫరవాలేదు. నాకు ఆయన ప్రేమ అక్కర్లేదు, చెవులు చాలు.

పెద్దాయన కంగారుపడ్డాడు కానీ పైకి తేలిగ్గా చెయ్యి ఊపాడు. "ఎందుకు లేరండీ, ఉన్నారు. ఒక్క బటన్ నొక్కితే చాలు, మిగిలిందంతా కంప్యూటరే చేసుకుంటుంది. అమ్మాయ్, ఆ ఆడవాళ్ళ బటన్ ఒకసారి నొక్కమ్మా."

నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. భయం కొంత, కోపం చాలా.

"ఆ బటన్ నొక్కితే వచ్చేది కూడా మగవాడి గుండేనండీ," అన్నాను. "అన్ని అంకెల్నీ సున్నా పాయింట్ ఎనభై అయిదుతో గుణించి, అదే మగవాడిని కాస్త చిన్నవాడిని చేసి చూపిస్తుంది. ఆ వరుస మీరే రాశారు. ప్రస్తుతానికి అని కూడా రాశారు."

ఎవరో కప్పు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పెద్దాయన అచ్చం మా మామయ్యలాగే కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "కాసేపు ఆగుదాం. ముందు టీ తాగుదాం. తర్వాతి వెర్షన్‌లో ఎలాగూ ఇవన్నీ ఎవరో ఒకరు చేస్తారు," అన్నాడు, కప్పులు అందుకోమన్నట్టు నా వైపు చూస్తూ.

నేను కప్పులున్న పళ్ళాన్ని పక్కకు జరిపాను. రెన్యూవల్ గుర్తుంది. గోడ వైపు తిరిగి పడుకున్న అత్తయ్య వీపు ఇంకా గుర్తుంది.

"ఎవరో చేయక్కర్లేదండీ. నేను చేశాను," అన్నాను. "టీ తర్వాత తాగొచ్చు. కూర్చోండి, చూపిస్తాను."